తెర వెనుక లస్మవ్వ

అరబ్ దేశంలో, ఖతీఫ్ పట్టణం చివర ఖర్జూరపు తోటలు ఆగిపోయి ఇసుక మొదలయ్యే చోట ఒక మెయింటెనెన్స్ కంపెనీ క్యాంపు ఉండేది. రేకుల గదులు, ఒక వంటగది, ఒక నీళ్ళ ట్యాంకు. డ్యూటీ వ్యాను తిరిగిరాగానే మగవాళ్ళు బకెట్లతో ట్యాంకు దగ్గర వరుస కట్టేవారు. ఒకరు బియ్యం కడిగేవారు, ఇంకొకరు ఉల్లిగడ్డలు కోసేవారు. పొద్దు గూకే వేళకు భూమేష్ గడప మీద కూర్చొని నోరు తెరిచేవాడు. అతని గొంతులోంచి లస్మవ్వ పాడేది.

భూమేష్‌ది ఆర్మూర్ పక్క. ఏసీలు, నీళ్ళ పైపులు బాగుచేసే పని. గుబురు మీసం, బీడీలు కాల్చి నల్లబడ్డ పెదాలు. ఆ పెదాల మధ్య నుంచి పండిన ఆడగొంతు ధారలా వస్తుంటే కూరలో ఉప్పు వేసేవాడు ఉప్పు వేస్తూనే ఉండేవాడు, బట్టలు పిండేవాడు పిండుతూనే ఉండేవాడు.

"ఇయ్యాల అవ్వకు జర జలుబైనట్టుంది," అనేవాడు నాగేందర్, గిన్నె దించుతూ.

"జలుబు నాకురా. ఆమెకేం గాలే," అనేవాడు భూమేష్, పాట మధ్య ఊపిరి తీసుకుంటూ.

పక్క క్యాంపు పాకిస్తానీ డ్రైవర్లు కూడా వచ్చి, "బడీ బీ ఆజ్ గాయేగీ క్యా?" అని, పెద్దావిడ ఇవాళ పాడుతుందా అని అడిగి నూనె డబ్బాల మీద కూర్చునేవారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తలలు ఊపేవారు.

లస్మవ్వ భూమేష్ ముత్తాతకు తల్లి. రైలు ఇంకా ఆ వైపుకు రాని నిజాం కాలంలో చిందు భాగోతం ఆడేది. తేలికైన పొనికి కర్రతో చేసిన కిరీటం, భుజకీర్తులు కట్టుకొని రాణి వేషంలో నిలబడితే, దీపాల నూనె అయిపోతున్నా జనం లేచేవారు కాదట. ఒక దొర ఆమెను తన గడిలో, కోటలాంటి ఆ ఇంట్లోనే ఉండిపొమ్మన్నాడు. భూమి ఇస్తానన్నాడు, కానీ పాట గడి గోడలు దాటగూడదన్నాడు. లస్మవ్వ ఆలోచించుకొని చెప్తానని బయటికొచ్చి, కోసిన జొన్న చేనులో గజ్జె కట్టింది. ఆ సాయంత్రం గడిలో దొర, ఆయన కుక్క తప్ప ఎవరూ మిగల్లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆమె పోయిందీ ఆటలోనే. గత్తర, అంటే కలరా, ఊళ్ళను ఊడ్చేస్తున్న సంవత్సరం. తెర వెనుక నిలబడి రాణి రాకడ పాట ఎత్తుకుంది. ఇద్దరు మనుషులు తెర పట్టుకొని ఉన్నారు. పాట సగంలో ఆమె కూలిపోయింది. పాట మాత్రం ఆగలేదు. మూడో రోజుకు కొడుకు గొంతులో చేరింది, తర్వాత అతని కొడుక్కు, మనవడికి వచ్చింది. భూమేష్ తండ్రి పోయిన నెలలో ఖతీఫ్‌కు వచ్చి భూమేష్ గొంతులో దిగింది. సముద్రం ఎలా దాటిందని ఎవరూ అడగలేదు.

మొదటిసారి ఆ గొంతు విని పోలీసులు వచ్చారు. మగవాళ్ళ క్యాంపులో ఆడమనిషి ఉందని ఎవరో చెప్పారట. మంచాల కింద వెతికారు. చివరికి భూమేష్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకొని, తెల్లగడ్డం ఉన్న పెద్ద ఆఫీసరు పాట మొత్తం విన్నాడు. క్యాంపు ఫోర్‌మన్ మౌలా సాహెబ్, బోధన్ మనిషి, అరబీలో అంతా వివరించాడు.

"ఆమె వయసెంత?" అని అడిగాడు ఆఫీసరు.

"నూరు దాటింది సాబ్."

"ముసలామె అయితే ఏం చేస్తాం. గొంతు కొంచెం తగ్గించమను," అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కువైట్ లడాయి వచ్చింది.

గ్యాసు బాంబులు పడతాయన్న భయంతో జనవరిలో కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు బిగించి టేపులు అతికించారు. మాస్కులు వీళ్ళదాకా రాలేదు. తడి తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే చాలని రేడియోలో విన్నట్టు ఎవరో చెప్పారు. సైరన్ మోగితే అందరూ పెద్ద గదిలోకి ఉరికి, తలుపు కింద బట్టలు కుక్కి, ఒకరి భుజానికి ఒకరు ఆనుకొని కూర్చునేవారు. రేకులు గజగజ ఊగేవి. గాలిలో ఏ వాసన వచ్చినా గ్యాసేనేమోనని ఊపిరి బిగబట్టేవారు. ఒకసారి నాగేందర్ మాడిన పప్పు వాసనకే స్పృహ తప్పాడు. లేచాక కూడా ఎవరూ నవ్వలేదు.

పట్టణంలో కలిగినవాళ్ళు కార్లెక్కి పడమటికి వెళ్ళిపోయారు. వీధులు బోసిపోయాయి. అలాంటి వీధిలో ఒక విల్లా ముందు నీళ్ళు పారుతున్నాయని ఫోను వస్తే భూమేష్ వ్యానేసుకొని వెళ్ళాడు. గేటుకు బయట తాళం ఉంది. గోడ పక్క వాల్వు తిప్పుతూ, "దీన్ని బిగించినోని చేతులిరగ," అని తిట్టుకున్నాడు.

గేటు కింద సందులోంచి నాలుగు వేళ్ళు బయటికి వచ్చాయి.

"ఎవరండీ? తెలుగువారాండీ?"

భూమేష్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"అన్నయ్యా, వెళ్ళిపోకండి. నా పేరు ఊర్మిళ. కొత్తపేట దగ్గరండి మాది. ఇంట్లో పనికి వచ్చాను. మేడం వాళ్ళు జెద్దా వెళ్ళిపోయి నన్ను లోపల పెట్టి తాళం వేశారు."

"వస్తరు తియ్యి. లడాయి ఆగినంక వస్తరు," అన్నాడు భూమేష్. అక్కడి నుంచి కదిలిపోవాలని అతని కాళ్ళు తొందర పెడుతున్నాయి.

"మేడం తమ్ముడి దగ్గర ఇంకో తాళం చెవి ఉందండి. రోజూ వస్తున్నాడు. నేను బాత్‌రూములో గడియ పెట్టుకు కూర్చుంటున్నాను. నిన్న ఆ గడియ విరగ్గొట్టేశాడు. అప్పుడే సైరన్ మోగింది, పారిపోయాడు. లేకపోతే... ఇవాళ మళ్ళీ వస్తాడండి. ఇప్పుడిక గడియ కూడా లేదు."

భూమేష్ వీధి అటూ ఇటూ చూశాడు. పరాయి ఆడమనిషితో దొరికితే జైలు. తనొక్కడికే కాదు, క్యాంపు మొత్తానికి. వ్యాను దగ్గరికి నడిచాడు. తాళాలు జేబులోంచి తీశాడు. మళ్ళీ జేబులో వేసుకొని, వ్యాను మీది నిచ్చెన దించాడు.

ఏసీ డబ్బాల మధ్య, తార్పాలిన్ కింద ఊర్మిళ క్యాంపుకు వచ్చింది.

మౌలా సాహెబ్ తార్పాలిన్ ఎత్తి చూసి, మళ్ళీ కప్పేశాడు. "నీకు తల్కాయ ఖరాబైందా భూమేషూ? మగోళ్ళ క్యాంపుల ఆడిమనిషిని దాపెడ్తవా? అందరి మెడకాయలు దెబ్బకు పోతయి."

"వాపస్ ఇడిసి రావాల్నా చిచ్చా? నువ్వు చెప్పు, ఇడిసొస్త."

మౌలా సాహెబ్ తన గదిలోకి వెళ్ళి, మంచం మీది రగ్గు తెచ్చి, పెద్ద గది మూలన తాడు కట్టి వేలాడదీశాడు. "దాని వెనక కూసోబెట్టు. పీరయ్య ఉల్లిగడ్డల లారీ శుక్రారం దాటినంక రియాద్ పోతది. ఎంబసీల దించుతడు. గప్పటిదాంక నోరు మెదపొద్దని చెప్పు."

కానీ భయపడ్డ మనిషి నోరు మెదపకుండా ఎలా ఉంటుంది? ఊర్మిళ రెప్ప వాల్చేది కాదు. తలుపు గడియ పడిన చప్పుడు విన్నా కేక పెట్టేది. వెక్కేది. దగ్గేది. మొదటి రోజు అందరి ప్రాణాలు పోయినంత పనైంది. అప్పుడు నాగేందర్‌కే తట్టింది.

"అవ్వా, ఊకో! ఊకూకె ఏడ్వకు!" అని బయటికి వినపడేట్టు అరిచాడు.

అంతే. వీధిలో పోయేవాళ్ళు తల తిప్పలేదు. ఈ క్యాంపులో ఆడగొంతు కొత్తేమీ కాదు కదా. మూల మీది బక్కాలాలో సామాను కొంటుంటే కొట్టువాడు, "మీ ముసలామె పగలు కూడా గొణుగుతోందేం?" అని అడిగాడు.

"లడాయి గదా. ఆమెక్కూడ నిద్ర పడ్తలేదు," అన్నాడు నాగేందర్. గుడ్లు తీసుకుంటుంటే ఒకటి జారి పగిలింది.

సాయంత్రం లస్మవ్వ ఎప్పటిలాగే పాడింది. రగ్గు వెనక నుంచి ఊర్మిళ మెల్లగా అడిగింది:

"రోజూ ఇదే పాడతారేంటన్నయ్యా? 'వస్తినే నేను వస్తినే, వాకిట నిలిచి ఉంటినే' అని. మరి వచ్చాక ఏమవుద్దండి?"

"ఎవ్వలికి తెల్వదు చెల్లె. రాణి రాకడకాడనే ఆగింది ఆట. భాగోతంల వేషం ఉత్తగ రాదు. తెర ముంగట నిలబడ్డోడు 'ఎవలమ్మ నువ్వు' అని అడగాలె. వేషం పేరు చెప్పాలె, ఊరు చెప్పాలె. గప్పుడే తెర దించుతరు. లస్మవ్వను ఎవ్వలు అడగలే."

"అడగొచ్చు కదండీ?"

"అడిగితె వస్తది. వస్తె ఆటంత ఆడి పోతది. మా ఇంట్ల గొంతు ఉండది ఇగ. మా తాత, మా నాయిన, అందరు చచ్చేముందు చెప్పింది ఒక్కటే, అడగకుండ్రి అని."

శుక్రవారం మధ్యాహ్నం జీపు వచ్చింది. నిచ్చెన ఉన్న వ్యానును ఆ వీధిలో ఎవరో చూశారు. జీపులోంచి తెల్లగడ్డం ఆఫీసరు, ఇద్దరు పోలీసులు దిగారు. వాళ్ళ వెనక మేడం తమ్ముడు దిగాడు. మెరిసే బూట్లు, చేతిలో తాళాల గుత్తి.

"మా పనిమనిషి నగలు ఎత్తుకొని పారిపోయింది. ఇక్కడే దాచారు," అన్నాడు.

మౌలా సాహెబ్ నవ్వాడు. "ఇక్కడ ఆడవాళ్ళెక్కడ సాబ్? ఆ ముసలామె ఒక్కతే."

"ఇంకా పాడుతోందా?" అన్నాడు ఆఫీసరు.

"పాడుతోంది సాబ్."

గదులన్నీ చూశారు. పెద్ద గదిలోకి వచ్చారు. ప్లాస్టిక్ కప్పిన కిటికీల్లోంచి వచ్చే పాలిపోయిన వెలుగులో మూలన రగ్గు వేలాడుతోంది. దాని అంచు కింద రెండు పాదాలు. అవి కనపడకుండా నాగేందర్ అడ్డంగా జరిగాడు. మేడం తమ్ముడు తాళాల గుత్తి ఆడిస్తూ రగ్గు వైపు చూపించాడు. ఆ గలగలకు వెనకనుంచి సన్నగా, ఎంత ఆపుకున్నా ఆగని ఒక వెక్కు వచ్చింది.

ఆఫీసరు చేయి చాచి రగ్గు పట్టుకున్నాడు.

భూమేష్ రగ్గు ముందే నిలబడి ఉన్నాడు. ఏదో ఒకటి చెప్పాలి. నేర్చుకున్న అరబీ అంతా మరిచిపోయాడు. రాత్రంతా తయారుచేసుకున్న అబద్ధాలు మరిచిపోయాడు. అతను పుట్టింది తెరల మధ్య. వేలాడే గుడ్డ ముందు నిలబడి, వెనక మనిషి ఉందని తెలిసి, వాళ్ళ వంశంలో మగవాళ్ళు అడిగే మాట ఒకటే ఉంది. ఏ మాట అనగూడదో అదే భయం కొద్దీ నోటిలోంచి జారిపోయింది.

"ఎవలమ్మ నువ్వు? ఏ ఊరి దానవు?"

అన్నాక గానీ తెలియలేదు. చేత్తో నోరు మూసుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ట్యాంకు ఖాళీ అయ్యాక పైపులో గాలి తిరిగినట్టు గొంతులో ఏదో తిరిగి, ఆరిపోయింది.

రగ్గు వెనక వెక్కు ఆగింది.

"లస్మవ్వను," అన్నది గొంతు. "ఆర్మూర్ పక్క చిందోళ్ళ లస్మవ్వను. నిలబడి నిలబడి కాళ్ళు గుంజుతున్నయి. దించుండ్రి బిడ్డా తెర."

నాగేందర్ తాతలు తెర పట్టినవాళ్ళు. అతని చేయి అతన్ని అడక్కుండానే తాడు మీదికి పోయింది. రగ్గు జారి కిందపడింది.

ఊర్మిళ వేసుకున్న పొడవాటి నల్ల అబాయాలో ఒక ముసలామె నిలబడి ఉంది. దూదిలాంటి జుట్టు, లోపలికి పోయిన దవడలు. రాణులు సభలోకి వచ్చేటప్పుడు పెట్టినట్టు ఒక పాదం ముందుకు పెట్టి ఉంది. ఆఫీసరు చేయి వెనక్కి తీసుకొని తల దించుకున్నాడు.

"సలాం, అమ్మా," అన్నాడు.

"ఇది కాదు!" అన్నాడు మేడం తమ్ముడు. "దానికి పాతికేళ్ళు!"

ముసలామె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. చూసి, తెలుగులో ఒక మాట అన్నది. మౌలా సాహెబ్ దాన్ని అరబీలోకి మార్చలేదు. అర్థం కాకపోయినా మేడం తమ్ముడు తాళాల గుత్తి జేబులో వేసుకొని, ఎవరి వైపూ చూడకుండా జీపు దగ్గరికి నడిచాడు.

ఆఫీసరు మౌలా సాహెబ్ మీద విసుక్కున్నాడు. "బాంబులు పడుతుంటే ఇంత పెద్దామెను ఇక్కడ ఉంచుతారా? మీకు తల్లులు లేరా? ఇంటికి పంపించండి."

"రేపే సాబ్. రియాద్ లారీ ఉంది."

"చెక్‌పోస్టుల్లో చెప్తాను. ఆమెను కిందికి దించరు."

జీపు పోయాక భూమేష్ ముసలామె ముందు మోకాళ్ళ మీద కూలబడి ఆమె మణికట్టు పట్టుకు చూశాడు. అక్కడ, గోడ దాటించేటప్పుడు తను చూసిన, ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. ఊర్మిళదే.

"చెల్లె... ఉన్నవా?" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా, గరుకుగా వినిపించింది.

"ఉన్నది. పండుకున్నది పోరి," అన్నది ముసలామె. "ఎన్నొద్దులాయెనో కన్ను మూయక. లేపకు."

మర్నాడు పీరయ్య లారీ ముందు సీటులో ఆమెను ఎక్కించారు. లారీ మలుపు తిరిగేదాకా చూసి, ఆ తర్వాత ఒక్క కబురూ తెలియక భూమేష్ నరకం చూశాడు. దారిలో దొరికిందేమో, పీరయ్యను కూడా లోపలేశారేమో. జీపు చప్పుడు వినిపిస్తే చాలు, ట్యాంకు వెనక్కి పోయేవాడు. లడాయి అయిపోయిందన్నారు. కువైట్‌లో నూనె బావులు మండి, ఆ పొగ ఖతీఫ్ దాకా వచ్చి పట్టపగలే చీకటి కమ్మింది. ఆరేసిన బట్టల మీద నల్లటి చినుకులు పడ్డాయి. సాయంత్రాలు అలవాటు కొద్దీ అందరూ గడప వైపు చూసేవారు. భూమేష్ నోరు తెరిస్తే దగ్గు వచ్చేది.

ఆ పొగలోనే, లైట్లు వేసుకొని పీరయ్య లారీ వచ్చింది.

"ఏమాయెనే?" అని అందరూ చుట్టుకున్నారు.

"ఛాయ్ అన్న పొయ్యరా ముందుగాల? లారీని, నన్ను ఇన్నొద్దులు రియాద్‌లనే ఆపిన్రు." కూర్చొని చెప్పాడు. "చెక్‌పోస్టు కాడ పోలీసోళ్ళు తలకాయ వంచి పొమ్మన్నరు. అవ్వ దారి పొడుగున ఆట ఆడింది. రాణి, రాజు, మంత్రి, అన్ని గొంతులు ఆమెవే. ఎడారి నడుమ పెట్రోల్ పంపు కాడ మంగళం పాడి, 'నేను ఈడ దిగుతరా' అన్నది. దిగి నడుసుకుంట పోయింది. సీట్ల పోరి నిద్రల ఉన్నది. ఎంబసీ గేటు కాడ లేపిన. ఇంటికి పోయే కాయిదం, ఔట్‌పాస్ ఇచ్చిన్రు, జెద్దా బస్సెక్కించిన్రు. బొంబాయి చేరిందని ఎంబసీల చెప్పిన్రు."

భూమేష్ గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చున్నాడు. కాసేపటికి, "రాణి వచ్చినంక ఏమైంది పీరన్నా ఆటల?" అని అడిగాడు.

"నాకేం యాదికున్నదిరా! ఎప్పుడు పట్టుకుంటరో అని స్టీరింగ్ మీదనే పానం పెట్టుకున్న."

తర్వాతి ఏడు సెలవుకు వెళ్ళినప్పుడు భూమేష్ కొత్తపేట బస్సెక్కాడు. ఊర్మిళ ఊరు కనుక్కొని వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. ఆమె పరుగెత్తుకొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది. చేపల పులుసుతో అన్నం పెట్టింది. అంతా బాగుందని చెప్పింది. చెబుతున్నంతసేపూ కళ్ళు తలుపు మీదే ఉన్నాయి.

"ఆ పాట..." అన్నాడు భూమేష్, చేయి కడుక్కుంటూ.

"నాకు పాటలు రావన్నయ్యా," అంది ఆమె సిగ్గుపడుతూ.

ఊర్మిళ తల్లి అతన్ని అరుగు చివరకు పిలిచింది. "రాత్రిళ్ళు నిద్రపోదు బాబూ. ఎక్కడ గడియ చప్పుడైనా లేచి కూర్చుంటది. ఒక్కతే ఉంటే కన్ను మూయదు. కానీ మజ్జాన్నం మాత్రం పడుకుంటదండి. పడుకుంటే పాడతది. మీ వైపు భాషలో ఏదో రాణి కథ. అది వినడానికి వీళ్ళంతా వస్తారు."

అప్పటికే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వస్తున్నారు. చాపలు, చంటిపిల్లలు, ఒకామె చేతిలో అల్లుతున్న వల. ఊర్మిళ మంచం వాల్చుకుంది. వాళ్ళు దాని చుట్టూ, గోడ కట్టినట్టు, ఖాళీ లేకుండా కూర్చున్నారు. ఊర్మిళ ఒక్కొక్క ముఖమూ చూసింది. చివరికి వీధి తలుపు చూసింది.

భూమేష్ లేచి వెళ్ళి తలుపు దగ్గర కూర్చున్నాడు. గాలికి కూడా చప్పుడు కాకుండా గడియను పిడికిట్లో పట్టుకున్నాడు.

"పడుకుంది," అంది ఒకామె గుసగుసగా. "నిన్న రాణి ఏరు దాటింది. ఇవాళ అవతలి ఒడ్డున ఎవరున్నారో చెప్తది."